మంచినీళ్ళ పటం

సైన్స్ ఫెయిర్‌కి ఎవరెవరు ఏం చేస్తారో ఒక్కో కాగితం మీద రాసి ఇమ్మని శాంతి టీచర్ ఎనిమిదో తరగతి పిల్లలకి చెప్పారు. మర్నాటికి ముప్పై రెండు కాగితాలు వచ్చాయి. అందులో అగ్నిపర్వతాలు తొమ్మిది. సిరంజీలతో లేచే జేసీబీలు ఆరు. మిగతావన్నీ ఇంకుడు గుంతలు, సౌర కుటుంబాలు, గాలిమరలు. అన్నీ ఫోన్లో వీడియోలు చూసి రాసినవే. ఒక్క కాగితం మీద మాత్రం గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "కొబ్బరికాయ సహాయంతో భూమిలో మంచినీళ్ళు కనిపెట్టుట. లక్ష్మీతులసి, రోల్ నంబరు 17."

టీచర్ అది పైకి చదివినప్పుడు ఒకరిద్దరు కిసుక్కుమన్నారు గానీ ఎక్కువమంది నవ్వలేదు. వాళ్ళ ఇళ్ళల్లో సగం బోరింగులు తులసి తాత చూపించిన చోట దింపినవే మరి.

రాజోలు దాటి సముద్రం వైపు పోయే రోడ్డులో చివరాఖరి ఊరు కొత్తమెరక. ఎటు చూసినా నీళ్ళే. ఒక పక్క కాలవ, ఇంకో పక్క ఏటిపాయ, దక్షిణాన రొయ్యల చెరువులు, వాటి వెనకాల సముద్రం. కానీ ఆ ఊళ్ళో తాగేనీళ్ళ సంగతి ఎవరికీ ఒక పట్టాన తేలదు. ఇటు ఇరవై అడుగుల్లో బోరు దింపితే కమ్మటి నీళ్ళు పడతాయి. అదే పెరట్లో అటు మూలన దింపితే నోట పెట్టలేని ఉప్పు. అందుకే అక్కడ ఎవరు ఇల్లు మొదలుపెట్టినా తాపీ మేస్త్రికన్నా ముందు తులసి తాత సత్తియ్యకి కబురు వెళ్తుంది.

సత్తియ్య వయసులో ఉండగా చేపల వేటకి వెళ్ళినవాడే. మోకాలు దెబ్బతిన్నాక పడవెక్కడం మానేశాడు. నీళ్ళు చూడడం మాత్రం నలభై ఏళ్ళుగా చేస్తున్నాడు. జుట్టు ఉంచి ఒలిచిన కొబ్బరికాయని అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని స్థలమంతా నెమ్మదిగా తిరుగుతాడు. ఒకచోటికి వచ్చేసరికి కాయ కదులుతుంది. చూస్తూండగానే లేచి నిలబడుతుంది. "ఇక్కడండీ," అంటాడు. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడడు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. ఆ కాయ మాత్రం ఇంటికి తెచ్చుకుంటాడు, భార్య పాపాయమ్మ దాంతో పచ్చడి చేస్తుంది.

ఆ సాయంత్రం టీచర్ పిలిస్తే తులసి స్టాఫ్ రూములోకి జవాబులు సిద్ధం చేసుకుని మరీ వెళ్ళింది. "ఇది మూఢనమ్మకం" అంటే ఏం చెప్పాలో, భూమిలో అయస్కాంత శక్తి గురించి వీడియోలో ఎవరో చెప్పింది ఎలా చెప్పాలో దారంతా బట్టీ పట్టింది. శాంతి టీచర్ ఆ మాటే ఎత్తలేదు.

"మీ తాతగారు చూపించిన చోట మంచినీళ్ళు పడతాయా?"

"పడతాయండి. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపి డెబ్భై బోర్లకి పైనే చూసేరండి."

"అది కాయే చెబుతుందా?"

"ఆయ్."

"సరే. ఒకవేళ కాయ చెప్పడం లేదనుకో. ఆ సంగతి మనకెలా తెలుస్తుంది?"

తులసికి అర్థం కాలేదు. "కాయే చెబుతుందండి," అంది మళ్ళీ.

"నేను కాదనడం లేదమ్మా. ఏం జరిగితే 'అబ్బే, కాయ చెప్పడం లేదు' అని నువ్వు ఒప్పుకుంటావు? అది ఆలోచించుకుని రా. అదొక్కటీ దొరికితే నీ ప్రాజెక్టు మొదలైనట్టే."

ఇంటికి వెళ్ళే దారిలో తులసికి కోపం వచ్చింది. అన్నం దగ్గర కూర్చున్నా ఆ ప్రశ్న వదల్లేదు. రెండు రోజులు ఆలోచించి, పది బక్కెట్లు బోర్లించి వాటిలో ఐదింటి కింద నీళ్ళ గిన్నెలు దాస్తానని తాతతో చెప్పింది. సత్తియ్య వల బాగు చేస్తూ నవ్వాడు.

"బక్కెట్లో నీళ్ళు చచ్చిన నీళ్ళమ్మా. నడిచే నీళ్ళకే లేస్తది కాయ."

"అయితే కళ్ళు మూసుకుని చెప్పగలవా తాతా?"

"నాకు కళ్ళతో పనేంటి? తువ్వాలు కట్టు, పదిసార్లు చెబుతాను," అన్నాడు సంబరంగా. మనవరాలు తన విద్య గురించి బడిలో చెబుతుందంటే ఆయనకి అంత గొప్పగా ఉంది.

అలా కుదిరింది ఆ పరీక్ష. శనివారం సాయంత్రం బడి వెనక ఆటస్థలంలో సత్తియ్య కళ్ళు తెరుచుకునే తిరిగాడు. కాయ మూడుచోట్ల లేచింది. తులసి మూడు కొబ్బరీనెలు గుచ్చి, గోడ నుంచి ఎన్ని అడుగులో టేపుతో కొలిచి రాసుకుని, ఈనెలు పీకేసింది. ఆదివారం పొద్దున్న మళ్ళీ తిరిగాడు. కాయ మళ్ళీ ఆ మూడుచోట్లే లేచింది, ఇటో జానెడు అటో జానెడు తేడాతో. తులసికి ఒళ్ళు పులకరించింది. టీచర్‌కి చూపించాలని పుస్తకంలో ఆ అంకెల కింద రెండు గీతలు గీసింది.

అప్పుడు కళ్ళకి తువ్వాలు కట్టారు. నడిపించడానికి మామ్మ వచ్చింది.

"ఎవరైనా చూస్తే ఏవనుకుంటారయ్యా, ఈ వయసులో చెయ్యట్టుకుని తిరుగుతున్నామని," అంది పాపాయమ్మ.

"పట్టుకోవే, పడిపోతాను," అన్నాడు సత్తియ్య.

ఎడమ చెయ్యి ఆమె చేతిలో ఉంది, కుడి అరచేతిలో కాయ. మొదటిసారి ఏడుచోట్ల లేచింది. తులసి ఏడు ఈనెలు గుచ్చింది. పొద్దున్న లేచిన చోట్లకి ఏదీ దగ్గరలో లేదు. రెండోసారి తిప్పారు. ఈసారి ఐదుచోట్ల లేచింది, ఆ ఐదూ కొత్త చోట్లే. మూడోసారి స్థలం చివరి దాకా వెళ్ళి ఆగాడు. కాయ నిటారుగా లేచింది. "ఇది అన్నిటికన్నా గట్టిగా లేచిందమ్మా," అన్నాడు నవ్వుతూ.

పాపాయమ్మ ఆయన చెయ్యి వదిలేసింది. ఆయన తనే తువ్వాలు విప్పుకున్నాడు. ఎదురుగా పాత బోరింగు ఉంది. ఉప్పునీళ్ళు పడ్డాయని ఎప్పుడో పిడి ఊడదీసి వదిలేసిన బోరింగు. దాని సిమెంటు పళ్ళెం అంచున నిలబడి ఉన్నాడు.

సత్తియ్య వెనక్కి తిరిగి చూశాడు. ఎండలో ఈనెలు స్థలమంతా చెల్లాచెదురుగా కనిపిస్తున్నాయి.

"అవన్నీ నేను చెప్పినవేనా?"

"ఆయ్, తాతా."

ఆయన కాయని పాపాయమ్మ చేతిలో పెట్టి, చెప్పులు వేసుకుని, ఇద్దరికన్నా ముందే ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ వారం సత్తియ్య ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అరుగు మీద వల ముందేసుకుని కూర్చునేవాడు గానీ చేతులు కదిలేవి కావు. బుధవారం నాడు సాలమోను గారు వచ్చారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఊరికి దక్షిణం వైపు కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నారు. శనివారానికి బోరు వాళ్ళని పిలిచారు. "ఒకసారి వచ్చి పాయింటు చూసిపెట్టండి," అని అడిగితే, సత్తియ్య ఒంట్లో నలతగా ఉందని చెప్పి పంపేశాడు.

ఆ రాత్రి తులసి నాన్న సత్యదుర్గారావు కంచం ముందు కూర్చుని, "నీ ప్రాజెక్టులు తగలెయ్య, పెద్దాయన్ని ఏం చేసేవో చూసేవా?" అన్నాడు. ఆయన రొయ్యల చెరువుల మీద పనిచేస్తాడు. అరిచే మనిషి కాదు. అందుకే ఆ మాట తులసికి మరీ గట్టిగా తగిలింది.

మర్నాడు ఆమె టీచర్ దగ్గరికి వెళ్ళి, "నేను ఇంకుడు గుంత చేస్తానండి," అంది. ఎందుకని అడిగితే పుస్తకం తీసి చూపించింది. చూపిస్తూ ఏడ్చేసింది.

శాంతి టీచర్ అంకెలన్నీ చూశారు. తులసి ఏడుపు ఆగేదాకా పుస్తకంలోంచి తలెత్తలేదు.

"ఇంకుడు గుంతే చేస్తానంటే చెయ్యి. నేనేమీ అనుకోను. కానీ ఒక సంగతి చెప్పు. కాయకి ఏమీ తెలీదని తేలింది. మరి ఇన్నేళ్ళ నుంచీ ఊళ్ళో మంచినీళ్ళు ఎలా పడ్డాయి?"

"పడలేదేమోనండి. మేమే అలా అనుకున్నామేమో."

"అనుకున్నారో, నిజంగా పడ్డాయో ఎలా తెలుస్తుంది?"

తులసి ముక్కు తుడుచుకుంది. ఈసారి ఆ ప్రశ్న ఆమెకి అర్థమైంది. "ఇంటింటికీ వెళ్ళి చూడాలండి."

ఎలా చూడాలో నాన్నే చెప్పాడు. ఆయనకి ఆ ఆలోచన నచ్చింది. తన తండ్రి పేరు నిలబడుతుందనే నచ్చింది, సైన్స్ కోసం కాదు. నీళ్ళ టిన్నులమ్మే ప్లాంటులో పనిచేసే లోవరాజుని అడిగి, నీళ్ళల్లో ముంచితే అంకె చూపించే పెన్నులాంటి మీటరు పట్టుకొచ్చాడు. "వెయ్యిలోపు వస్తే మంచినీళ్ళ కింద రాసుకో, దాటితే ఉప్పు కింద," అన్నారు టీచర్.

గురు, శుక్రవారాలు రెండు సాయంత్రాలూ తులసి గ్లాసు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఎవరి బోరింగు, ఏ సంవత్సరం దింపారు, పాయింటు ఎవరు చూశారు, ఇప్పుడు మీటరు ఎంత చూపిస్తోంది. కొందరు టీ ఇచ్చారు. కొందరు "మా నీళ్ళకేం, అమృతం" అంటూ మీటరు వైపు అనుమానంగా చూశారు. అంతా కలిపి యాభై రెండు బోర్లు తేలాయి. తాత చూసినవి ముప్పై ఒకటి. అందులో మంచినీళ్ళు ఇరవై మూడు. ఎవరినీ అడక్కుండా ఇంటివాళ్ళే తోచిన చోట దింపుకున్నవి ఇరవై ఒకటి. అందులో మంచినీళ్ళు ఆరంటే ఆరు.

శుక్రవారం దీపాలు పెట్టేవేళకి తులసి ఆ కాగితం తీసుకుని అరుగు మీదకి వచ్చింది. తాతకి చదువు రాదు. వేలు పెట్టి చూపిస్తూ చదివి వినిపించింది. ఆయన రెండుసార్లు చదివించుకున్నాడు.

"అయితే నా బోర్లు నిజం, నా కాయ అబద్ధమా?"

పాపాయమ్మ లోపలి నుంచే అంది. "నేను నలభై ఏళ్ళ నుంచీ చూస్తన్నాను కదా. ఆ స్థలంలోకి అడుగెట్టగానే కిందా మీదా చూస్తావు. చెట్లు చూస్తావు. కాలితో ఇసక తంతావు. ఇంకా కాయ చేతికివ్వక ముందే నీ కాళ్ళు ఒక పక్కకి లాగుతుంటాయి. ఎప్పుడైనా నీ వెనకాల నువ్వు నడిచేవా? నేను నడిచేను."

"అంటే నేను ఇన్నాళ్ళూ జనాన్ని మోసం చేసేనంటావా?"

"మోసం ఎవడన్నాడయ్యా! నీకే తెలీదంటున్నాను."

సత్తియ్య లేచి వల మడిచి పెట్టాడు. తర్వాత తులసిని పిలిచి, "రేపు నాతో రా. సాలమోను గారి కొత్తింటి దొడ్డికి," అన్నాడు.

శనివారం పొద్దున్నే వెళ్ళారు. రాత్రే కబురు అందడంతో సాలమోను గారు కొత్త కాయ ఒకటి ఒలిపించి, పళ్ళెంలో పెట్టి సిద్ధంగా ఉంచారు. సత్తియ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఇవాళ కాయ అక్కర్లేదండి. చూసి చెబుతాను."

"అదేంటండీ, కాయ లేకుండా ఎలాగండీ?" అన్నారు సాలమోను గారు కంగారుగా.

"దాని పని లేదని మా మనవరాలు తేల్చిందండి," అన్నాడు సత్తియ్య. ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. అయినా తులసికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

దొడ్డిలోకి దిగాక తులసి పుస్తకం తెరిచి, "ఏం చూస్తన్నావు తాతా?" అని అడిగింది.

"ఏవో. చూస్తన్నాను."

పది అడుగులు వేశాక మళ్ళీ అడిగింది. "ఇప్పుడేం చూస్తన్నావు?"

"నస పెట్టకు. అడిగితే పోతది."

నిజంగానే ఆయనకి చెప్పడం రాలేదు. నోరు తెరిచేవాడు, మాట దొరక్క మూసేవాడు. ఆయన తూర్పు మూల దాకా వెళ్ళి వెంటనే వెనక్కి తిరగడం చూసి, ఊరికే అడిగింది. "అక్కడెందుకు వద్దు?"

"అక్కడా? నేల చూడు. పైన తెల్లగా పొడి లేచింది. ఉప్పు అది," అన్నాడు ఠక్కున.

"మరి ఆ గట్టు కింద?"

"పల్లం. చెరువు నీళ్ళు ఊరతాయి."

"ఈ కొబ్బరిచెట్ల దగ్గర?"

"ఆకు కొసలు మాడిపోయేయి, కాయలు చూడు, పిడికెడున్నాయి. దాని వేళ్ళకి ఉప్పు తగిలింది."

తులసి చెయ్యి ఆగకుండా రాసింది. ఎక్కడ నీళ్ళుంటాయని అడిగితే చెప్పలేని మనిషి, ఎక్కడ ఉండవంటే గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. ఇసక మెరక ఎక్కడ మొదలైంది, గరిక ఎక్కడ పచ్చగా ఉంది, పీతల బొరియలు ఎక్కడి దాకా వచ్చి ఆగిపోయాయి, కాలితో తంతే ఎక్కడ ఇసక గట్టిగా ఉంది. పదకొండు సంగతులు తేలాయి. చెబుతూ చెబుతూ సత్తియ్య తనే ఆశ్చర్యపోయాడు. "ఇవన్నీ నేనే చెప్పేనా?" అని అడిగాడు. చివరికి ఉత్తరం గోడ పక్కన మెరక మీద కాలి మడమతో గుండ్రంగా గీశాడు. అక్కడ నేల అన్ని విధాలా బాగుంది.

మధ్యాహ్నానికి బోరు దిగింది. మొదట బురదనీళ్ళు, తర్వాత తేటనీళ్ళు వచ్చాయి. సాలమోను గారు దోసిలి పట్టి నోట్లో పోసుకుని, మర్యాదకి ఉమ్మకుండా మింగారు. తులసి మీటరు ముంచింది. రెండువేల నూట నలభై.

బోరు వాళ్ళు గొట్టాలు సర్దుకుంటున్నారు. సాలమోను గారే, "పోనీలెండి, వాడకానికి పనికొస్తాయి కదండీ," అన్నారు. కాయ పట్టుకుని ఉంటే ఇలా జరిగేది కాదని ఆయన మనసులో అనుకుంటున్నట్టు మొహంలో కనిపించింది.

తులసికి భయం వేసింది. ఇక తాత మళ్ళీ అరుగు మీద మూగగా కూర్చుంటాడనుకుంది. కానీ సత్తియ్య ఇంకో దోసిలి పట్టి తాగి, నాలిక మీద ఆనించుకుని, చాలాసేపు నేల వైపే చూశాడు.

"నేల అబద్ధం చెప్పిందమ్మా," అన్నాడు దారిలో. "పాతికేళ్ళ కిందట అయితే అక్కడ పంచదార పడేది. అదే గరిక, అదే ఇసక. కింద మాత్రం ఇంకోటి ఉంది." కొంతదూరం నడిచాక అడిగాడు. "నావి ముప్పై ఒకటీ అన్నావే. ఉప్పు తేలినవి ఎనిమిదీ ఎక్కడెక్కడున్నాయి?"

అప్పటిదాకా తులసి వాటిని లెక్కపెట్టిందే తప్ప, ఎక్కడున్నాయో ఆలోచించలేదు. ఇంటికి వెళ్ళగానే చార్టు పరిచింది. కాలవ గీసింది, రోడ్డు గీసింది, చర్చి, పంచాయతీ, బడి పెట్టింది. తాత చూసిన బోర్లు మాత్రమే పెట్టింది, మంచినీళ్ళవాటికి నీలం చుక్క, ఉప్పుకి ఎర్ర చుక్క. తాత పక్కనే కూర్చుని "ఇది కాదు, ఇంకొంచెం ఇటు," అని దిద్దుతున్నాడు. ఎర్ర చుక్కలు ఒకదాని పక్కన ఒకటి, ఒకే వైపు పడ్డాయి. తొమ్మిదోది సాలమోను గారిది. తొమ్మిదీ ఊరికి దక్షిణానే ఉన్నాయి. పుస్తకంలో రాసుకున్నది మళ్ళీ చూస్తే, అందులో ఐదు దింపిన రోజుల్లో మంచినీళ్ళేనని ఇంటివాళ్ళు చెప్పారు. ఈ ఆరేడేళ్ళల్లోనే మారాయి.

పని నుంచి వచ్చిన సత్యదుర్గారావు నిలబడే ఆ పటాన్ని చూశాడు. ఎర్ర చుక్కల కింద తులసి నీలం గీతలతో చెరువులు గీసి ఉంచింది. ఆయన పనిచేసేది అక్కడే.

"చెరువుల వల్లేనని రాసేవా?" అని అడిగాడు మెల్లగా.

"లేదు నాన్నా. సముద్రం కూడా అటే ఉంది కదా. ఏది కారణమో ఈ పటం చూసి చెప్పలేం."

ఆయన చొక్కా విప్పి దండెం మీద వేస్తూ, "చెరువు గట్టు మీద రెండు బోర్లున్నాయి, అవి కూడా కొలుచుకో. రేపు తీసుకెళ్తాను," అన్నాడు.

బడి తరఫున తులసి ప్రాజెక్టు వెళ్ళిన జిల్లా సైన్స్ ఫెయిర్ అమలాపురంలో రెండు రోజులు జరిగింది. కాలేజీ హాల్లో వరసగా బల్లలు వేశారు. తులసి బల్ల మీద చూడ్డానికి ఏమీ లేదు. పొగ వచ్చేది లేదు, తిరిగేది లేదు, వెలిగేది లేదు. ఒక పటం, మూడు పట్టికలు, పదకొండు సంగతుల జాబితా, రెండు సీసాల్లో నీళ్ళు. పక్క బల్ల మీద మండపేట పిల్లల రాకెట్టు పది నిమిషాలకోసారి చప్పుడు చేస్తోంది. జనం అక్కడే ఉన్నారు.

జడ్జీల్లో ఒకావిడ కాలేజీలో భూగర్భ శాస్త్రం చెబుతారట. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని మొదటి పట్టిక నుంచి చదవడం మొదలెట్టారు.

"కళ్ళు తెరిచినప్పుడు రెండుసార్లూ ఒకేచోట లేచిందన్నావు. శనివారం ఎక్కడ లేచిందో ఆయనకి ఆదివారం గుర్తుండదా?"

తులసి గతుక్కుమంది. నెల్లాళ్ళ నుంచి ఆ అంకెలు చూస్తున్నా అది తట్టలేదు. వెనక నుంచున్న శాంతి టీచర్ వైపు చూసింది. టీచర్ ఏమీ అందించలేదు.

"గుర్తుంటదండి. నేను అది ఆలోచించలేదండి."

"అయితే ఆ పరీక్ష సరిగ్గా జరిగినట్టా?"

"సగమేనండి. ఇంకో కొత్త స్థలంలో మళ్ళీ చెయ్యాలండి."

ఆవిడ తల ఊపి పటం దగ్గరికి వెళ్ళారు. అక్కడ చాలాసేపు ఉన్నారు. ఎర్ర చుక్కల మీద వేలు ఆనించి, ఏ సంవత్సరాలో అడిగారు. పదకొండు సంగతులూ చదివి, "ఈ సత్తియ్య గారు ఎక్కడ చదువుకున్నారు?" అన్నారు.

"చదువుకోలేదండి. మా తాతండి."

బహుమతి రాలేదు. మొదటిది రాకెట్టుకి వెళ్ళింది. తులసికి పాల్గొన్నట్టు ఒక సర్టిఫికెట్టు ఇచ్చారు, అందులో పేరు లక్ష్మితులసి అని దీర్ఘం లేకుండా పడింది. అయితే వెళ్ళేముందు ఆ జడ్జి శాంతి టీచర్‌ని పక్కకి పిలిచి, ఇవే బోర్లని నెలకోసారి చొప్పున ఏడాది పాటు కొలిపించమని, ఆ అంకెలు తనకి పంపమని ఫోన్ నంబరు రాసిచ్చారు. తిరుగు బస్సులో టీచర్ ఆ సంగతి చెబితే, తులసికి అప్పటిదాకా ఉన్న దిగులు కొంచెం తగ్గింది. పూర్తిగా పోలేదు. రాకెట్టు చప్పుడు చెవుల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఇంట్లో సత్తియ్య అడిగింది ఒక్కటే. "పీతల బొరియల సంగతి చెప్పేవా?"

"చదివేరు తాతా. సత్తియ్య గారు ఎక్కడ చదువుకున్నారని అడిగేరు."

ఆయన పెద్దగా నవ్వాడు. ఆ మాట తర్వాత ఊళ్ళో కనీసం ఇరవైమందికి చెప్పుకున్నాడు.

తర్వాతి నెల మొదటి ఆదివారం ఇద్దరూ కలిసి బయల్దేరారు. మొదట దక్షిణం వీధిలో రాజ్యం ఇంటికి వెళ్ళారు. ఆమె భర్త పోయి చాలాకాలమైంది, రొయ్యలు వలిచే పనికి వెళ్తుంది. ఆ పెరట్లో బోరింగు సత్తియ్య చూసిందే, ఇప్పుడు ఉప్పు తిరిగింది. గుమ్మంలో ఆగిపోయాడు ఆయన.

"అమ్మాయ్, నేను చెప్పినప్పుడు మంచినీళ్ళే పడ్డాయి. గుర్తుందా?"

"గుర్తుండకపోవడమేంటి బాబాయ్! నా పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు దింపించేం. వాడికి పెళ్ళయ్యేదాకా ఆ నీళ్ళే తాగేం. ఇప్పుడు టిన్ను తెచ్చుకుంటన్నాం, ఏం చేస్తాం. రండి, కూచోండి."

రాజ్యం బోరింగు కొట్టింది. తులసి గ్లాసు పట్టి, కడిగి, మళ్ళీ పట్టి మీటరు ముంచింది. పదహారు వందల పది. పుస్తకం వెనక్కి తిప్పి పాత అంకె చూసుకుంది. నూట ముప్పై పెరిగింది.

"ఎంత?" అన్నాడు సత్తియ్య.

చెప్పింది. ఆయన, రాజ్యం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తులసి తేదీ వేసి, అంకె రాసి, పక్కన రాజ్యం గారి పెరడు అని రాసింది. వీధిలో ఇంకా పధ్నాలుగు ఇళ్ళున్నాయి. ఎండెక్కకుండానే అయిపోవాలని తాత అప్పటికే పక్కింటి తడిక తోసుకుని, "ఇంట్లో ఎవరండీ?" అని పిలుస్తున్నాడు.